మామయ్య లెక్కలో విమానం

మామయ్య అబద్ధమాడడు, విమానం ఎప్పుడు దిగుతుందన్న ఒక్క విషయంలో తప్ప.

విమాన టిక్కెట్లు అమ్మే దుకాణంలో ముప్పై ఏళ్ళుగా ఆయనది కిటికీ పక్క కుర్చీ. ఏ ఊరికి ఎన్ని కిలోమీటర్లో, ఎన్ని గంటలో అడగడమే తరువాయి, కంప్యూటర్ తెరుచుకునేలోపు చెప్పేస్తాడు. ప్రయాణం చేసేవారికి నిమిషాలతో సహా నిజమే. అవతల ఎదురుచూసేవారికి మాత్రం ఐదారు గంటలు కలిపి చెబుతాడు.

"నీ నోట్లో పడితే విమానం కూడా ఎడ్లబండి అయిపోతుందయ్యా" అని యజమాని మొత్తుకోని రోజు లేదు.

ఇంట్లోనూ అదే వరస. తొమ్మిదింటికి వస్తానని ఏడింటికే గుమ్మంలో ఉంటాడు. "ఈయన చెప్పిన వేళకి వండితే ఈయనకెప్పుడూ ఉడకని కూరే" అంటుంది అత్తయ్య. ఆ ఉడకని కూరే వంక పెట్టకుండా తింటాడు.

పక్క కుర్చీలో పనిచేసే మేనకోడలికి ఇదంతా తలవంపులుగా ఉండేది.

ఒకరోజు వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపు కూడా తియ్యకుండా వచ్చి, ఊరి పేరు రాసిన చీటీ చూపింది.

"మా అక్క ఉండే ఊరు ఎంత దూరమండీ?"

"తొమ్మిది వేల రెండు వందల కిలోమీటర్లు. పదిన్నర గంటలు. ఈ రాత్రి ఎక్కితే అక్కడ రేపు మధ్యాహ్నం పన్నెండున్నరకు దిగుతారు."

అక్కకు గుండె ఆపరేషన్. బీపీ దిగితేనే చేస్తామన్నారు డాక్టర్లు. చెల్లెల్ని చూడందే అది దిగేలా లేదు. ఆవిడ టిక్కెట్ తీసుకుని అక్కకు ఫోన్ కలపగానే మామయ్య అందుకున్నాడు.

"మీ చెల్లెలు రేపు సాయంత్రం ఆరింటికి వస్తుందమ్మా. అందాకా హాయిగా పడుకోండి."

ఫోన్ పెట్టేశాక మేనకోడలు ఊరుకోలేకపోయింది. "మంచాన ఉన్న మనిషితో కూడానా మామయ్యా?"

"మంచాన ఉంది కాబట్టేనే." బట్టలు కుట్టే ఆవిడ వైపు తిరిగి, "మీరు మళ్ళీ వేరే టైం చెప్పకండి" అన్నాడు.

మర్నాడు చూస్తే విమానం బయల్దేరడమే నాలుగు గంటలు ఆలస్యం.

"నాలుగున్నరకు గానీ దిగదు మామయ్యా."

"ఆరన్నాంగా. ఇంకా మనమే ముందున్నాం" అన్నాడు. "కొత్తలో ఒక పెద్దాయనకు పదింటికని చెప్పాను. విమానం రెండింటికి వచ్చింది. అందాకా మంచినీళ్ళయినా ముట్టకుండా నిలబడ్డాడట. విమానంలో ఉన్నవాడికి సీటుంటుంది, వేళకి అన్నం పెడతారు. ఎదురుచూసేవాడికి ఎవరు పెడతారే?"

మేనకోడలు మనసులో, దేవుడా, ఈ ఆరూ దాటనివ్వకు అనుకుంది.

సాయంత్రం ఫోన్ మోగింది. అక్కగారే.

"ఏమండీ, మీకు లెక్కలెవరు నేర్పారు? ఆరన్నారు, ఐదున్నరకే వచ్చి నిద్రలేపింది. తల కూడా దువ్వుకోలేదు నేను."

"పొరపాటైపోయిందమ్మా. బీపీ ఎలా ఉంది?"

"దిగిందట. రేపు పొద్దున్నే ఆపరేషన్. మా చెల్లెలు పక్కనుంది, నాకేం భయం? మీరు మాత్రం కాస్త లెక్కలు నేర్చుకోండి."

"అలాగేనమ్మా, నేర్చుకుంటాను" అన్నాడు మామయ్య, ఎంతో వినయంగా.