వీధిలోకి తెచ్చిన మంచం

నాయన తన శరీరాన్ని వైద్య కళాశాలకు రాసిచ్చాడు. ఆ కాగితాన్ని నేను ఎన్నో శరీరదాన సభల్లో పైకెత్తి చూపించాను. పోయాక కూడా పిల్లలకు పాఠమయ్యే మనిషి మా నాయన అని గొప్పగా చెప్పేవాణ్ణి.

కబురంది, మడకశిర దగ్గర మా ఊళ్లో బస్సు దిగేసరికి ఆయన వీధిలో మంచం మీద ఉన్నాడు. ప్రాణం పోయి గంట దాటింది. ఊపిరి ఎగబోస్తుండగా చిన్నాయన పంచాంగం చూశాడట. చెడ్డ నక్షత్రం. ఆ నక్షత్రంలో మనిషి ఇంట్లో పోతే ఆరు నెలలు ఇల్లు మూసిపెట్టాలి. అందుకని ప్రాణం ఉండగానే అమ్మా, చిన్నాయనా మంచాన్ని బయటికి మోసుకొచ్చారు. ఇలాంటి నమ్మకాలతోనే నాయన బతికినంతకాలం పోట్లాడాడు.

"సిగ్గులేదా మీకు?" అని అరిచాను.

"ఇల్లు మూస్తే నేను యాడ పండుకోవల్లప్పా? గొర్రెల్ని యాడ కట్టల్ల?" అంది అమ్మ.

మరణ ధ్రువపత్రం లేనిదే కళాశాల వాళ్లు తీసుకోరు. నాయనను జీపులో సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఎక్కడ, ఎలా పోయాడో రాసివ్వమన్నాడు డాక్టరు.

చిన్నాయన నా పక్కకు జరిగి, "ఇంట్లో పోయినాడని రాయప్పా. వాళ్లేమన్నా వచ్చి చూసినారా?" అన్నాడు.

"నీ నక్షత్రానికి వీధి కావల్ల, సర్కారుకు ఇల్లు కావల్లనా? నేను అబద్ధం రాయను."

"రాసుకో సామీ. మీ నాయన కంటే మొండోడివి."

'వీధిలో' అని రాశాను. డాక్టరు చదివి పెన్నుకు మూత పెట్టాడు. "వీధిలో పోయిన మనిషికి నేను సర్టిఫికెట్ ఇచ్చేకి కాదు. పోలీసులకు చెప్పల్ల. పోస్టుమార్టం కావల్ల."

మంచం సంగతంతా చెప్పాను. "అదంతా పంచనామాలో చెప్పుకోండప్పా" అన్నాడు.

పోస్టుమార్టం చేసిన శవాన్ని కళాశాల తీసుకోదు. ఆ నిబంధనను సభల్లో నేనే చదివి వినిపించేవాణ్ణి. రాసేటప్పుడు గుర్తుకు రాలేదు. చిన్నాయన మీద గెలవాలన్నదొక్కటే గుర్తుంది.

కుట్లు వేసి ఇచ్చిన నాయనను మరుసటి రోజు మా చేలో పూడ్చాం. వానల్లేక శనక్కాయ మొలవని నేల. గడ్డపార దిగడానికే పొద్దెక్కింది.

ఇంటికొచ్చాక అమ్మ అడిగింది: "నేను బయటికి తెచ్చినందుకేనా ఆయన కోరిక చెడింది?"

కాదమ్మా, నేను రాసినందుకు అని చెప్పాలి. చెప్పలేదు. పోయేదాకా అమ్మ ఆ తప్పు తనదేననుకుంది.