‘తరిమినారు’ అని రాయించిన మేడమ్

పోయిన శుక్రవారం నేను పాఠాలు చెప్పే బడికి పోవడానికి ఎమ్మిగనూరు బస్టాండులో నిలబడి ఉంటే, ఆదోని బస్సులోంచి లక్ష్మక్క దిగింది. నన్ను వెతుక్కుంటూనే వచ్చిందట. “మేడమ్ పోయింది పాపా. పొద్దున్నే ఆయాసమొచ్చి...” అంటూ అక్కడే కూలబడింది.

మేడమ్ ఆదోనిలో నాకు అర్థశాస్త్రం చెప్పింది. ఊరి కక్షల్లో ఇళ్లు వదిలి పారిపోయిన వాళ్ల మీద పరిశోధన చేసింది. డెబ్బైల చివర్లో ఆ పని పరిశోధనగా ఎవరికీ తోచలేదు. “శరణార్థులంటే దేశం సరిహద్దు దాటినవాళ్లమ్మా, చిప్పగిరి వైపు నుంచి ఆదోనికి వచ్చినవాళ్లు కాదు” అన్నాడట ఆమె గైడు. “ప్రాణం అరచేత పట్టుకుని పరుగెత్తేవాడికి ఏ సరిహద్దైతే ఏం సార్?” అందట ఈమె.

బీఏ అయ్యాక నేను ఆమె వెంట తిరుగుతూ రాసిపెట్టేదాన్ని. పత్తి జిన్నింగు మిల్లుల వెనక గుడిసెల్లో మేడమ్ కటిక నేల మీద కూర్చుని, కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకునేది. “ఈరోజు పని దొరికిందా?” అన్నదే ఆమె మొదటి ప్రశ్న. ఏం జరిగిందని తనంతట తాను అడిగేది కాదు. ఒకరోజు లక్ష్మక్కే, తలలోని దూది దులుపుకుంటూ చెప్పింది.

“మా ఆయన్ని వాకిట్లోనే నరికినారమ్మా. అడ్డం పడితే నన్ను జుట్టు పట్టి ఈడ్చినారు. కొట్టానికి నిప్పు పెట్టినారు. ఎద్దులు కట్టేసినవి కట్టేసినట్టే కాలిపాయ. వాటి అరుపు ఇప్పటికీ ఇనపడతాంది.”

‘వలస వచ్చారు’ అని రాసుకున్నాను. మేడమ్ నా చేతిలో పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేసింది. “వానల్లేక వచ్చినోళ్లు వలస వచ్చినారు. వీళ్లను తరిమినారు. ఆ మాటే రాయి. తరిమినోడు ఒకడున్నాడని చదివేవాళ్లకు తెలియాల.”

ఆ హత్యను కళ్లారా చూసినవాళ్లలో కోర్టులో సాక్ష్యం చెబుతానన్నవాడు లక్ష్మక్క మామ. కేసు విచారణ దగ్గరపడగానే ఆయన కోసం వెతుకులాట మొదలైంది. మేడమ్ ఆయనను ఎమ్మిగనూరులో, తనకు తెలిసిన నేతపనివాళ్ల ఇంట్లో దాచింది.

ఒక మధ్యాహ్నం నేను మేడమ్ ఇంట్లో ఉండగా నలుగురు మగవాళ్లు లోపలికి వచ్చి గడియ పెట్టారు.

“ముసిలోడు యాడుండాడు?”

తెలియదంటుందనుకున్నాను. “తెలుసు. చెప్పను” అంది.

ఒకడు కట్టెతో ఆమె చేతి మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే జవాబు. ఈసారి మొహం మీద కొట్టాడు. నోటి నిండా రక్తంతో, “ఆ పిల్లకేమీ తెలీదు, వదిలిపెట్టండి” అంది. ఇంకొకడు నా మెడకు కొడవలి ఆనించాడు. మేడమ్ కళ్లు మూసుకుంది. చెప్పేస్తుందేమోనని భయపడ్డాను. చెప్పేస్తే బాగుండుననీ అనిపించింది.

ఇంతలో పక్కింటి బీబమ్మ తలుపు బాదుతూ సందంతా అదిరేలా అరిచింది. మిల్లు వదిలి వస్తున్న కూలీలు అటు పరుగెత్తారు. ఆ నలుగురూ పెరటి దారిన పోతూ నాటుబాంబు విసిరారు. నా ఎడమ చెవికి వినికిడి ఆరోజే పోయింది.

సంగతి తెలిసి ముసలాయన ఎవరి మాటా వినకుండా ఆస్పత్రికి వచ్చాడు.

“నేను నీకేమైతానని తల్లీ, ఇన్ని దెబ్బలు తింటివి?”

“ఏమీ కావు తాతా. నువ్వు చూసింది కోర్టులో చెప్పు, చాలు.”

చెప్పాడు. నేరం చేసినవాళ్లకు శిక్ష పడింది. ఇక భయం లేదనుకుని ఆయన ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చుకోను పోయాడు. తిరిగి వచ్చేటప్పుడు వాళ్ల మనుషులు బస్సు ఆపి, కిందికి లాగి, ప్రయాణికులందరూ చూస్తుండగా నరికి చంపారు.

శవం దగ్గర మేడమ్ గోడకు ఆనుకుని, “నేనే కదా చెప్పమన్నది” అంది. లక్ష్మక్క ఆమె భుజం పట్టుకుంది. “చెప్పేదానికే మా మామ ఇన్నాళ్లు బతికినాడమ్మా. నువ్వు ఏడ్చొద్దు. ఆయప్పను మా చేన్లోనే పూడుస్తా, రా.”

పరిశోధన తర్వాత పూర్తయింది. అందులో ఏ ఊరి పేరూ లేదు. “పేర్లు లేకుండా నమ్మేదెట్లా?” అని పరీక్షకులు అడిగితే, “నమ్మకపోతే డిగ్రీ ఇవ్వొద్దు, పేర్లు మాత్రం ఇవ్వను” అంది. చాలాకాలం నాన్చి ఇచ్చారు. లక్ష్మక్క ఊరి పేరు నేనూ ఇక్కడ రాయను.

కానీ ముసలాయనను పూడ్చను పోయి, ఆ ఊళ్లో మేడమ్‌ను చూసిన రోజు గురించి చెప్పాలి. ముందు పోలీసు జీపు, వెనక శవం ఉన్న బండి, బండి పక్కన లక్ష్మక్క, మేడమ్, నేను. వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. మిద్దెల మీద మగవాళ్లు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒక రాయి వచ్చి బండికి తగిలింది. ఎవరూ ఆగలేదు.

ఊరిని ఆనుకునే ఉన్న లక్ష్మక్క వాళ్ల చేను ఆక్రమించుకున్నవాళ్లు అందులో పత్తి వేశారు. గట్టు పక్కన ముసలాయనను పూడ్చాం. చీకటి పడకముందే బయలుదేరాలని పోలీసులు తొందరపెట్టారు. లక్ష్మక్క జీపు వైపు రాలేదు. చీర కుచ్చిళ్లు దోపుకుని చేలోకి దిగి, సాలులో కూర్చుని కలుపు తీయడం మొదలుపెట్టింది. నేల తనది, పంట తనది కాదు. మేడమ్ ఒక్క క్షణం చూసి, చెప్పులు విడిచి, ఆమె పక్క సాలులో వంగింది. మిద్దెల మీది మనుషులు చూస్తుండగా ఇద్దరూ గరిక పీకి గట్టు మీదికి విసురుతూ ముందుకు జరిగారు.