రాయికి పెట్టిన పేరు

ఊరికి ఎగువన, గుట్ట మీది అబ్జర్వేటరీలో పనిచేసే ఆయన్ని అందరూ చుక్కలాయన అనేవారు. అంగారకుడికీ గురుగ్రహానికీ మధ్య తిరిగే లక్షల రాళ్లలో ఒకదాన్ని ఆయన కనిపెట్టాడు. కనిపెట్టడమంటే ఆకాశాన్ని చీల్చి చూడటమేం కాదు. ఆకాశంలో ఒకే చోటును కాసేపు ఆగి ఆగి తీసిన ఫొటోలను కంప్యూటర్లో మార్చి మార్చి చూడటం. కదలనివి నక్షత్రాలు, కదిలింది రాయి.

ఆ రాయి తిరిగే దారి తేలి, దానికో నంబరు దక్కితేగాని పేరు పెట్టడానికి లేదు. అందుకు ఏళ్లు పడుతుంది. ఈయన మాత్రం ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, మొదటి వారమే అద్దం ముందు నిలబడి, గొంతు సవరించుకుని, రాయికి తన పేరు తగిలించి పలికి చూసుకున్నాడు, మహానుభావుడు!

ఆయన పగలు నిద్రపోతాడు గనక భార్య ఇరవై ఏళ్లుగా కుక్కర్‌ను కూత వేయనివ్వలేదు. కాలింగ్ బెల్ తీగ పీకేసింది. కిటికీలకు నల్లగుడ్డ కట్టి, పట్టపగలు లైటు వేసుకుని వంట చేసింది. ఇంత చేసిన మనిషిని ఆయన ఏనాడూ పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఇదిగో" అంటే రావాలి, "నిన్నే" అంటే పరిగెత్తాలి.

నంబరు వచ్చిన రోజున ఆవిడ కాఫీ ఇస్తూ, "నా పేరు పెట్టకూడదుటండీ?" అని అడిగింది.

"నీ పేరా! ఆకాశమంటే మన వంటిల్లనుకున్నావా?" అని పగలబడి నవ్వాడు.

అయితే కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోకూడదన్నది ఆ వృత్తిలో కట్టుబాటు. దానికీ ఉపాయం ఆలోచించాడు. భార్య తమ్ముడు కూడా ఆ అబ్జర్వేటరీలోనే పనిచేస్తాడు. అతనికీ ఒక రాయి దొరికింది, నంబరు ఇంకా రావాలి. చుక్కలాయన క్యాంటీన్లో బావమరిది భుజం మీద చెయ్యేశాడు.

"నా రాయికి నీ పేరు పెడతాను. నీ రాయికి నా పేరు పెట్టు. చెల్లుకు చెల్లు."

"అదంతా నాకొదిలెయ్ బావా," అన్నాడతను.

పేర్లు ఖాయం చేసే కమిటీకి పేరుతోపాటు నాలుగు ముక్కల పొగడ్త కూడా పంపాలి. రోజూ చవట అని తిట్టే బావమరిదిని "అలుపెరగని పరిశోధకుడు" అని పళ్లు నూరుకుంటూ రాశాడు. పేరు ఖాయమైంది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు.

మరుసటేడు బావమరిది రాయి వంతు వచ్చింది. ఆఫీసు హాల్లో చిన్న సభ. చుక్కలాయన కొత్త చొక్కా తొడుక్కుని, భార్యను ముందు వరుసలో కూర్చోబెట్టాడు.

"మీరు పెద్దవారు, మీరే చదవండి," అని డైరెక్టర్ ఆయన్ని మైకు దగ్గరికి పిలిచాడు.

తెర మీద భార్య పేరు పడింది. దాని కింద, "ఇరవై ఏళ్లు ఒక ఇంటి పగళ్లను చీకటిగా, చప్పుడు లేకుండా కాపాడిన మనిషి" అని ఉంది.

"ఇదేంట్రా?" అన్నాడు బావమరిది వైపు తిరిగి.

"నువ్వు పెట్టలేదుగా బావా. అందుకే నేను పెట్టాను."

అంతమంది చూస్తుంటే చదవక తప్పుతుందా? మళ్లీ గొంతు సవరించుకున్నాడు. పెళ్లయినప్పటి నుంచి నోట పలకని ఆ పేరు బయటికి రావడానికి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది. ఎట్టకేలకు పలికాడు.

"సరిగ్గా వినబడలేదండీ," అంది ముందు వరుసలోంచి భార్య. "మళ్లీ చెప్పండి."