హాకీ ఆటకి భోజనాల పిలుపు

ఆ రోజుల్లో మా వైపు ఎవరైనా ఎక్కడికైనా వెళ్ళాలంటే పిలుపు ఉండాలండి. మరీ పాతకాలం మాటేం కాదు, చేతుల్లోకి ఫోన్లు వచ్చేసిన రోజులే. అయినా సరే, పక్కింట్లో పెళ్ళవుతున్నా ఆ ఇంటివాళ్ళు మన గుమ్మంలోకి వచ్చి, బొట్టు పెట్టి, నోరారా పిలవకపోతే తలుపు దగ్గరగా వేసుకుని సన్నాయి వినేవాళ్ళం గానీ గడప దాటేవాళ్ళం కాదు. అది పొగరు కాదండి. పిలవని చోటికి వెళ్ళినవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, కానీ ఎక్కడ కూర్చోవాలో వాళ్ళకే తెలీదు. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు. అప్పటికి నాకు పాతికేళ్ళు లేవు. మా ఆయన కొబ్బరి దింపు తీసేవారు. చెట్టు మీంచి పడి పోయేరు. అంతే, దాని గురించి ఇంక చెప్పను. ఆయన పోయేక నాకు పిలుపులు తగ్గేయి, నేనూ వెళ్ళడం మానేసేను.

అలాంటప్పుడు అమలాపురం బయట నాకో పని దొరికింది. రొయ్యల చెరువుల మీద బాగా పైకొచ్చిన ఒక ఆసామి గారు హాకీ టీముని కొన్నారు. (గేదెల్ని కొనడం నాకు తెలుసు, టీముని ఎలా కొంటారో ఇప్పటికీ తెలీదు. పళ్ళు చూసి కొనరనుకుంటాను.) ఒరిస్సా నుంచీ పంజాబు నుంచీ జీతాలిచ్చి కుర్రాళ్ళని తెచ్చేరు. పచ్చటి చాప లాంటిది పరిచి గ్రౌండు కట్టేరు, చుట్టూ కుర్చీలు వేసేరు. నా పని ఆ కుర్చీలు తుడవడం, మెట్లు ఊడవడం, మంచినీళ్ళు అందించడం. మొదటి ఆటలకి చూసేవాళ్ళ కంటే ఆడేవాళ్ళే ఎక్కువ ఉండేవారు. ఎవరూ కూర్చోని కుర్చీలు మళ్ళీ మళ్ళీ తుడుస్తుంటే నాకే సిగ్గేసేది.

హైదరాబాదు నుంచి వచ్చిన కుర్ర మేనేజరు గారు ఒకరుండేవారు. ఆయన్ని మేం ఐడియాల బాబు అనేవాళ్ళం, వెనకాల. జనం రావడానికి ఆయన చెయ్యని పని లేదు. చెవులు చిల్లులు పడేలా పాటలు పెట్టేరు. రంగు లైట్లు పెట్టేరు. మన గోదారి గుర్తని పులస చేప వేషం కుట్టించి, అందులోకి ఒక మనిషిని దూర్చి గేటు దగ్గర గెంతించేరు. ఎండకి లోపలున్నాయన కళ్ళు తిరిగి పడిపోతే, తోక పట్టుకుని ఇద్దరం నీడలోకి ఈడ్చేం. వచ్చిన నలుగురు పిల్లలూ అది చూసి ఏడుస్తూ ఇంటికి పోయేరు.

చివరికి ఆసామి గారు ఒక మాట చెప్పేసేరు. వచ్చే ఆదివారం ఆటకి కూడా జనం రాకపోతే, మిగతా ఆటలన్నీ వైజాగు తీసుకుపోతానన్నారు. ఆయనకి ఊరు మారడమే, నాకు దేశం మారడం. మా అన్నయ్య కువైట్లో డ్రైవరు, అక్కడ ఒక ఇంట్లో పనికి నాకు వీసా చూసి పెట్టేడు. "ఒక్కదానివీ అక్కడుండి ఏం చేస్తావే, వచ్చెయ్యి" అని రోజూ ఫోను. గ్రౌండులో పని ఉంది కదా అన్నయ్యా అని రోజూ తప్పించుకునేదాన్ని. ఆ పని పోతే చెప్పడానికి ఇంకో మాట లేదు. నాకు కువైట్ వెళ్ళాలని లేదండి. ఆ అద్దె గదిలోనే, మా ఆయన మేకు కొట్టిన గోడ చూసుకుంటూ ఉండాలని ఉంది.

గేటు దగ్గర కొబ్బరి బొండాలు అమ్మే పిన్ని ఒకావిడ ఉండేది. (నాకు చుట్టం కాదు, ఊరందరికీ పిన్నే.) ఐడియాల బాబు ఆవిడ దగ్గర బొండాం తాగుతూ విసుక్కున్నారు.

"మీ ఊరివాళ్ళకి ఆటలంటే ఇష్టం లేదా?"

"ఎందుకు లేదండీ. మమ్మల్ని ఎవరు పిలిచేరు?"

"ఆటోకి మైకు కట్టి మూడ్రోజులు తిప్పేను కదమ్మా."

"మైకులో ఊరిని పిలిచేరండి. మమ్మల్ని పిలవలేదు."

బాబు గారు సగం తాగిన బొండాం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయేరు. మర్నాటికల్లా కుంకుమ భరిణెలు, పసుపు, కొత్త పళ్ళేలు వచ్చేసేయి. ఒక భరిణె తెచ్చి నా చేతిలో పెట్టి, "నువ్వు మాట్లాడతావు కదా, వీధులన్నీ తిరిగి పిలువు" అన్నారు.

"నేను పెట్టకూడదండి" అన్నాను.

ఎందుకని అడగబోయి, అప్పుడు చూసేరు నా మొహం. పాపం, చెవులు ఎర్రబడ్డాయి. సారీ అమ్మా అంటూ భరిణె వెనక్కి తీసుకోబోయేరు. భరిణె వెనక్కి పోతే పనీ వెనక్కి పోతుందని నా భయం. గట్టిగా పట్టుకుని, "పిన్ని పెడుతుందండి, నేను చెబుతాను" అన్నాను.

అలాగే బయలుదేరేం. పిన్ని లోపలికెళ్ళి బొట్టు పెట్టేది, నేను గేటవతల నిలబడి "ఆదివారం సాయంత్రం హాకీ ఆటండి, ఆసామి గారు రమ్మన్నారండి" అని కేకేసేదాన్ని. బాగానే నడిచింది. ఒక వీధి మొగలో పిన్నికి వాళ్ళాయన ఫోను చేసేడు, బొండాల బండి వచ్చేసింది, దింపించుకో అని. "ఈ ఒక్క వీధీ నువ్వు కానిచ్చెయ్యవే" అని ఆవిడ వెళ్ళిపోయింది. ఆ వీధిలో మొదటి ఇల్లు ఊళ్ళో అందరూ భయపడే ఒక మామ్మగారిది. ఎవరు ఎక్కడ చెప్పులు విప్పేరో కూడా చూస్తుంది. నేను గేటు దగ్గరే నిలబడి, బొట్టు పెట్టేవాళ్ళు వెనకాల వస్తున్నారండి, నేను నోటితో చెబుతున్నానండి అని గొణిగేను.

"నీకు గొంతు లేదా? లోపలికి రా" అంది.

వెళ్ళేను. భరిణె నా చేతిలోంచి తీసుకుని, మూత తీసి, తన బొట్టు తనే పెట్టుకుని, మళ్ళీ నా చేతిలో పెట్టింది.

"ఆ పని నేను చేసుకోగలను. నువ్వు చెప్పాల్సింది చెప్పు. సరిగ్గా చెప్పు."

అలా ఒకరి గుమ్మంలో నిలబడి ఎవరినైనా పిలిచి ఎన్నాళ్ళయిందో. సరిగ్గా పిలవడమంటే నాకు తెలిసింది పెళ్ళి పిలుపొక్కటే, అదే మొత్తం వచ్చేసింది. "ఆదివారం సాయంత్రం మీరంతా పిల్లాపాపలతో రావాలండి. పొయ్యి వెలిగించకండి. భోజనాలు అక్కడేనండి."

మామ్మగారు తలూపింది. "ఆయ్. వస్తాం."

వీధిలోకి వచ్చేక గానీ ఏమన్నానో నాకు తెలిసిరాలేదు. వెనక్కెళ్ళి భోజనాల్లేవండి అని చెప్పే ధైర్యం లేదు. పిన్నికి చెబితే ఆవిడ నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, "ఒకింటికి చెప్పి ఇంకో ఇంటికి చెప్పకపోతే తలలు పగులుతాయే" అంది. నిజమే. అందుకని మిగతా ఇళ్ళన్నిటికీ అదే చెప్పేను, ముందు పిలిచిన వీధులకి కూడా వెళ్ళి మరీ. మాటవరసకి అన్నాననుకుంటారులే అని నాకు నేను సర్ది చెప్పుకున్నాను. (ఇది రాస్తున్న మా మేనకోడలు కలం ఆపి నవ్వుతోంది. నీకేం తెలుసే, ఆ గుమ్మాలన్నీ ఎక్కింది నేను.)

ఆదివారం మూడు గంటలకే జనం. పట్టుచీరలు, ఇస్త్రీ పంచెలు, ముసలాళ్ళని కుర్చీల్లో మోసుకొచ్చినవాళ్ళు. గేటు దగ్గర "మనం ఏ వైపు వాళ్ళమండి?" అని అడిగేరు, ఎటైనా కూర్చోండి అన్నాను. ఆటకి ముందు ఆ పచ్చ చాప మీద నీళ్ళు కొడతారు, బంతి సాఫీగా దొర్లడానికి. అది చూసి ఆడవాళ్ళు "కళ్ళాపి చల్లేరు గానీ ముగ్గెయ్యలేదేం" అనుకున్నారు. ఆట మొదలయ్యేక అవతలి టీము గోలు కొడితే చప్పట్లు ఎక్కువ పడ్డాయి. మనవాళ్ళు వాళ్ళు కాదండీ అని బాబు గారు వరసల మధ్య పరిగెత్తేరు. "పాపం అంత దూరం నుంచి వచ్చేరు కదా బాబూ, కొట్టనివ్వండి" అంది మామ్మగారు.

సగం ఆట అయ్యేక విరామం ఇచ్చేరు. బాబు గారు చెమటలు కారుతూ నా దగ్గరకి వచ్చేరు.

"అందరూ వెనక్కి తిరిగి చూస్తున్నారేంటి? ఏం చూస్తున్నారు?"

"వంటల పొగ కోసం చూస్తున్నారండి" అన్నాను. ఇంక దాచలేక మొత్తం చెప్పేను.

ఆయన మెట్టు మీద కూలబడిపోయేరు. ఈ లోపల ఆసామి గారే వచ్చేరు, ఎవరో పెద్దాయన ఆయన్ని "పంక్తులు ఎటువైపండీ" అని అడిగేరట. కువైట్ ఎయిర్‌పోర్టు నేనెప్పుడూ చూడలేదు గానీ ఆ నిమిషంలో కళ్ళకి కట్టింది.

"పిలిచింది నా పేరు మీదేనా?" అన్నారు.

"ఆయ్, మీ పేరు మీదేనండి."

ఆయన జనం వంక చూసేరు. కోపంగానే చూసేరు. "పిలిచి ఆకు వెయ్యకుండా పంపిస్తే రేపు నా గుమ్మం ఎవడు తొక్కుతాడు. వంటింట్లో ఏముందో చూడండి."

ఆటగాళ్ళ వంటింట్లో ఉన్నది ఉప్మా రవ్వ, ఉల్లిపాయలు, ఇన్ని అరటిగెలలు. పట్టుచీరల వాళ్ళే కొంగులు దోపి ఉల్లిపాయలు తరగడానికి కూర్చున్నారు, ఒక కన్ను ఆట మీద పెట్టి. పక్క తోటలోంచి ఆకులు కోసుకొచ్చేరు. ఆట అయిపోయేసరికి మన టీము ఓడిపోయింది, ఉప్మా ఉడికింది. రెండు టీముల కుర్రాళ్ళూ చేతులు కడుక్కుని బాల్చీలు పట్టుకున్నారు. తలపాగా కట్టిన పంజాబు అబ్బాయి "ఇంకొంచెం" అన్న ఒక్క మాట నా దగ్గర నేర్చుకుని, ఆకులో ఖాళీ లేనివాళ్ళకి కూడా అదే చెప్పి వడ్డించేడు. మామ్మగారు వాణ్ణి కూర్చోబెట్టి, నీ మోకాలికి ఆ దెబ్బేంటి, మీ అమ్మకి చెప్పేవా అని అడిగింది. వాడికి భాష రాదు. అయినా ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

రెండ్రోజుల తర్వాత ఆసామి గారు బాబు గారి చేత కబురు చేసేరు. ప్రతి ఆటకీ ఊరికి అన్నం పెట్టడానికి తన వల్ల కాదని, భోజనాల్లేకుండా పిలిచి చూడమని, ఆ ఆటకీ వస్తేనే ఇక్కడ ఉంటామని. మళ్ళీ అన్ని గుమ్మాలూ ఎక్కేను. "ఈసారి తినేసి రండి" అని చెప్పడం కంటే కష్టమైన మాట నా జన్మలో చెప్పలేదు. ఆదివారం నాడు నీళ్ళ బిందె పట్టుకుని గేటు వంక చూస్తూ నిలబడ్డాను. మొదట ఎవరూ రాలేదు. తర్వాత ఒక ఆటో, దాని వెనక ఇంకోటి. పోయినసారి అంత మంది కాదు, సగమే అనుకోండి. కానీ వాళ్ళు ఆట చూడ్డానికే వచ్చేరు. ఆ పంజాబు అబ్బాయి కనిపించగానే "మనవాడు, మనవాడు" అన్నారు.

మామ్మగారు పక్క కుర్చీ మీంచి తన సంచీ తీసి, కూర్చో అంది. పనుందండి అన్నాను. "పిలిచినదానివి నువ్వు, నిలబడితే మేమెలా కూర్చుంటాం" అంది. కూర్చున్నాను. అన్నిసార్లు తుడిచేను గానీ, అందులో కూర్చుంటే గ్రౌండు ఎలా కనిపిస్తుందో అప్పుడే చూసేను. ఆట సగంలో మా అన్నయ్య ఫోను. ఎప్పుడొస్తున్నావు, వీసా వాళ్ళు అడుగుతున్నారు అంటున్నాడు. సరిగ్గా అప్పుడే బంతి వలలో పడింది, చుట్టూ జనం లేచేరు, నేనూ లేచేను.

"అన్నయ్యా, ఇక్కడ ఆటవుతోంది. తర్వాత మాట్లాడతాను" అని పెట్టేసేను.

అంతవరకూ ఎవరితోనూ "తర్వాత" అన్నది కాదు ఆ పిల్ల, అదే, అప్పటి నేను. తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఆ పడింది మన వలలోనేనట, గోలు అవతలివాళ్ళదట. అది తెలీక, ఫోను చంకలో పెట్టుకుని, చేతులు నొప్పెట్టేలా చప్పట్లు కొట్టింది.