మామది పాత కెప్టెన్ పక్షం, బావది కొత్త కెప్టెన్ పక్షం

మొన్న ఆదివారం భోంచేసి నడుం వాల్చానో లేదో, మంచం పట్టె మీద పెట్టిన ఫోను గుర్రుమనడం మొదలుపెట్టి గంటసేపు ఆగలేదు. చూస్తే మా అక్క కొడుకు నన్నడక్కుండానే ఒక గ్రూపులో చేర్చాడు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల కుర్రాళ్లు కొందరు ఆకాశనౌక సీరియల్ అభిమానులమంటూ పెట్టుకున్న గ్రూపు అది. మన తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది: నీళ్లింకిపోయిన ఒక లోకం నుంచి రైతులనూ పశువులనూ ఎక్కించుకుని, తాగే నీళ్లున్న ఇంకో లోకం కోసం చుక్కల మధ్య తిరుగుతూ ఉండే పెద్ద నౌక కథ. మనం చూసిన రోజుల్లో దొరకని నీళ్లు ఇప్పటికీ దొరకలేదట. కెప్టెన్లు మారారు, బొమ్మ నున్నబడింది, నీళ్లు మాత్రం లేవు. ఆ ఒక్క సంగతి చూస్తే దాన్ని ఏ విదేశంలోనో కాక మా జిల్లాలోనే తీశారేమోనని నాకు ఎప్పటినుంచో అనుమానం.

గ్రూపులో తగాదా ఏమిటంటే పాత కాలపు భాగాలు గొప్పవా, కొత్తవి గొప్పవా అని. పాత వాటిలో నౌక అట్టముక్కలా ఉందని ఒకడు, కొత్త వాటిలో కెప్టెన్లే అట్టముక్కల్లా ఉన్నారని ఇంకొకడు. మాటా మాటా పెరిగి చివరకు ఒకడు, "ఊర్లోకి రా, నరుకుతా" అని రాస్తే, అవతలివాడు నవ్వే బొమ్మలు పది పెట్టాడు. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా రోజుల్లో ఆ మాటకు నవ్వే బొమ్మ ఇంకా తయారు కాలేదు.

అప్పట్లో నేను ప్రొద్దుటూరులో ఒక టీవీలు బాగుచేసే అంగడిలో పనిచేసేవాణ్ణి. డిగ్రీ చదివి ఆ పని చేస్తున్నందుకు మా నాయన నొచ్చుకునేవాడు గానీ, డిగ్రీతో బాగుపడినవాళ్ల కంటే నా చేత బాగుపడిన టీవీలే ఎక్కువని నేను సర్దిచెప్పేవాణ్ణి. అంగడి మేడమీది గది నాది. అక్కడ ఎప్పుడూ ఒక రంగుల టీవీ పరీక్షలో ఉండేది. బాగైన టీవీని ఆదివారం సీరియల్ అయ్యేదాకా పరీక్షించకుండా తిరిగి ఇవ్వడం వృత్తి ధర్మం కాదని మా ఓనరు కూడా నమ్మేవాడు.

ఆ గదికి ప్రతి ఆదివారం ఇద్దరు వచ్చేవాళ్లు. ఒకరు మా మేనమామ, అమ్మకు తమ్ముడు. వేములకు దగ్గర్లో ఒక పల్లె ఆయనది. తాతల నాటి నుంచీ గొర్రెల మంద, దాంతోపాటు కొంత చేను. రెండో ఆయన మా బావ, అక్క మొగుడు. ఆయనదీ అదే పల్లె, పక్క వీధి. ఇద్దరూ చిన్ననాటి జతగాళ్లు. తన జతగాడికి తన అక్క కూతుర్ని అడిగి, మా నాయనను ఒప్పించి, పెళ్లి చేయించినవాడు మామే. చేయించినందుకు జీవితాంతం అల్లుడి మీద పెత్తనం చేద్దామనుకున్నాడు పాపం. పెళ్లయిన కొన్నాళ్లకే ఊరు రెండు పార్టీలైంది.

బయటివాళ్లకు పార్టీ అంటే జెండా. మా వైపు పార్టీ అంటే వీధి. ఊరిని నడిపే పెద్దాయనలిద్దరూ విడిపోయినప్పుడు ఎవరి వీధి ఎటు పోతే ఆ వీధిలోని మనుషులు, ఎద్దులు, గొర్రెలు అటు పోవలసిందే. అట్లా మామ ఒక పార్టీ, బావ ఒక పార్టీ అయిపోయారు. ఒకరి ఇంట ఒకరు నీళ్లు తాగకూడదు, ఎదురుపడితే పలకరించకూడదు. అక్క మేనమామను చూడాలంటే బిందె పట్టుకుని బోరింగు దగ్గర నిలబడి, ఆయన మంద తోలుకుని పోయేటప్పుడు కళ్లతో పలకరించాలి. నడుమ ముప్పై అడుగుల బాట ఉన్న ఆ ఇద్దరూ మాట్లాడుకోవాలంటే, తెల్లవారకముందే లేచి, ఒకరు పులివెందుల మీదుగా, ఇంకొకరు ఎర్రగుంట్ల మీదుగా, వేరువేరు బస్సుల్లో ప్రొద్దుటూరు రావాలి.

రావడానికి సాకులుండేవి. మామకు గొర్రెల మందులు కావాలి. బావకు మోటారు చుట్టించాలి. ఆ ఏడాది మా బావ మోటారు కాలిపోయినన్నిసార్లు కడప జిల్లాలో ఇంకే మోటారూ కాలి ఉండదు.

గదిలోకి వచ్చి కూర్చున్నాక ఊరి సంగతి ఒక్క ముక్క ఎత్తేవాళ్లు కాదు. అది వాళ్లు పెట్టుకున్న కట్టుబాటు. పంట ఎత్తితే చేను వస్తుంది, చేను ఎత్తితే గట్టు వస్తుంది, గట్టు వస్తే పార్టీ వస్తుంది. అందుకని ఇద్దరికీ మిగిలింది ఆకాశమొక్కటే. సీరియల్లో మాటలు హిందీలో వచ్చేవి. పక్కింటి సాయిబుల దగ్గర నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలతో మామ మాకు అర్థం చెప్పేవాడు. ఆయన చెప్పిన కథ, తెర మీద జరిగే కథ వారానికి ఒకటి రెండుసార్లు కలుసుకునేవి.

పాత కెప్టెన్ నెరిసిన మీసాలవాడు. ఏ లోకంలో దిగినా ముందు తాను నీళ్లు రుచి చూసిగానీ జనాన్ని దిగనిచ్చేవాడు కాదు. అట్లా ఒకచోట చెడ్డ నీళ్లు తాగే చనిపోయాడు. ఆ ఆదివారం మామ టీ కూడా ముట్టలేదు. తర్వాత వచ్చిన కుర్ర కెప్టెన్ నీళ్లు చూడడానికి మరబొమ్మను పంపేవాడు, ప్రతిదానికీ జనాన్ని అడిగేవాడు. బావకు వాడంటే ప్రాణం.

"వాడేం కెప్టెనప్పా?" అనేవాడు మామ. "మందను అడిగి మేతకు తోలేవాడు యాడన్నా ఉండాడా?"

"గొర్రెలు అడిగితే సెప్పవు మామా, మనుసులు సెప్తారు. నీకు రెండిటికీ తేడా తెలీదు, మా అత్త ముందే సెప్పింది."

"మీ అత్త నన్ను చూసుకోనే గొర్రెల్ని మెచ్చుకుంటాది లేరా. అది గాదు, నీళ్లు తాగేదానికి బొమ్మను పంపేది ఏంది? సచ్చిపోతానని బయమైతే ఇంట్లో ఉండొచ్చు గదా?"

"సచ్చిపోతే గొప్పోడా? మీవోడు సచ్చినాడు గదా, నీళ్లు దొరికినాయా?"

ఇట్లా టీ చల్లారేదాకా, మళ్లీ తెప్పించిన టీ కూడా చల్లారేదాకా సాగేది. మధ్యలో బావ సంచిలోంచి అక్క కట్టి పంపిన ఓళిగల పొట్లం తీసి, ఎవరికని చెప్పకుండా మామ పక్కన పెట్టేవాడు. మామ ఎవరు పంపారని అడక్కుండా తినేవాడు. ఎంత తిట్టుకున్నా చివర్లో బావ ముందు లేచేవాడు, మామ కాసేపాగి దిగేవాడు. ఇద్దరూ కలిసి మెట్లు దిగకూడదు.

ఒక ఆదివారం వాన పడుతుంటే మాటల్లోపడి కలిసే దిగారు. మా వైపు ఎవరైనా చేయగలిగిన అతి పెద్ద పొరపాటు అదే. ఎదురుగా ఎరువుల అంగట్లో వాళ్ల ఊరి మనిషి నిలబడి ఉన్నాడు.

మా సీమలో రెండు పార్టీల మనుషులు మూడో ఊర్లో ఒక కప్పు కింద కూర్చున్నారంటే దానికి ఒకటే అర్థం, రాజీ. రాజీ పెద్దాయనలు చేసుకుంటే మంచితనం. వాళ్లకు తెలియకుండా వెంట ఉండేవాళ్లు చేసుకుంటే ద్రోహం. ఆ వారమే రెండు వైపుల నుంచీ పిలుపులు వచ్చాయి. మామ వాళ్ల పెద్దాయన ముందు నిజమే చెప్పాడు, సీరియల్ చూసేదానికి పోతాండామని. నవ్వారట. రెండోసారి చెప్పేసరికి నవ్వడం మానేశారట. సాక్ష్యానికి నన్ను పిలిపించారు.

పెద్దాయన అరుగు మీద, చుట్టూ జనం నిలబడి ఉండగా, నేను ఆకాశనౌక కథ మొదటి నుంచీ చెప్పాను. నా జన్మలో నన్నంత శ్రద్ధగా విన్న సభ మళ్లీ దొరకలేదు. అంతా విని ఆయన, "అంతమంది జనం, గొడ్లు. ఆ పడవలో తాగేదానికి నీళ్లు యాడివి?" అని అడిగాడు. దానికి జవాబు సీరియల్ తీసినవాళ్లే చెప్పలేదు. "నేను సదువుకోలేదు గానీ పిచ్చోన్ని కాదబ్బీ," అన్నాడాయన మెల్లగా. "బొమ్మ చూసేదానికి ఇద్దురు అంత దూరం పోతారా? ఇంగ మీదట పోవద్దని మీ మామకు సెప్పు." మామ పక్కనే నిలబడి ఉన్నాడు.

అప్పటినుంచి తంతి తపాలా శాఖ నేనే అయ్యాను. మామ సాయిబుల ఇంట్లో, బావ వాళ్ల వీధిలోని పంచాయతీ టీవీలో సీరియల్ చూసేవారు. నేను వీలు చిక్కినప్పుడల్లా అక్కను చూసే నెపంతో వెళ్లి, బావ చెప్పింది మామకు, మామ చెప్పింది బావకు మోసేవాణ్ణి. మధ్యలో తిట్లు తగ్గించి చెప్పేవాణ్ణి. తగ్గించిన సంగతి ఇద్దరికీ తెలిసిపోయేది. బావ నవ్వేవాడు. "ఇంతేనా? మామ ఇంగా ఏందో అనింటాడే, దాచుకోకుండా సెప్పు."

ఇంతలో ఓట్లొచ్చాయి. తన మీద అనుమానం పడ్డ మనిషి దాన్ని కడుక్కోవడానికి మా వైపు ఒక పద్ధతుంది: ఓట్ల రోజుల్లో తన పెద్దాయన జీపులో ముందు కూర్చోవాలి. బావ కూర్చున్నాడు. అక్క వద్దని ఏడిస్తే, నాలుగు దినాలే కదా అన్నాడట.

ఆ ఆదివారం సీరియల్లో నౌక ఒక మండే లోకం నుంచి తప్పించుకుంటుంది. అందరూ ఎక్కాక చూసుకుంటే ఒక కుంటి ముసలామె కింద మిగిలిపోయింది. జనాన్ని అడిగితే పోదాం పదమన్నారు. కుర్ర కెప్టెన్ మొదటిసారి జనం మాట వినకుండా నౌకను వెనక్కి తిప్పాడు. మర్నాడు పొద్దున్నే నేను పల్లెకు వెళ్లేసరికి మామ మంద దగ్గర కూర్చుని ఉన్నాడు. చాలాసేపు గొర్రెల సంగతులు మాట్లాడి, నేను లేవబోతుంటే అన్నాడు:

"మీ బావకు సెప్పు. వాడు కాపరే అని సెప్పు. మంద ముందుకు పోతాంటే కుంటిదాని కోసరం ఎనిక్కి తిరిగినాడు సూడు, ఆడ ఒప్పుకుంటాండా. ఒక్క దానికే. మిగతా దేనికీ కాదు, ఎక్కువ సంబరపడొద్దని కూడా సెప్పు."

ఓటమిని అంత పొదుపుగా ఒప్పుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు. బావ మొహం ఎట్లా వెలుగుతుందో ఊహించుకుంటూ బాట దాటాను. ఇంటి ముందు జనం. పొద్దున్నే ఒక వంక దగ్గర జీపు మీద బాంబులు వేశారని, ముందు కూర్చున్నవాళ్లు మిగల్లేదని, నేను మామ దగ్గర కూర్చున్నప్పుడే ఈ వీధికి కబురొచ్చిందని అక్కడ తెలిసింది. బాటకు అటువైపు దాకా ఆ కబురు ఇంకా రాలేదు. మా ఊర్లో వార్తలకు కూడా పార్టీ ఉండేది.

అటు పార్టీ వాళ్లు ఇటు చావుకు రాకూడదు. బావను తీసుకుపోతుంటే చెరువు గట్టు మీద మామ మందతో నిలబడి ఉన్నాడు. ఆ గట్టు మీద గడ్డి పరక లేదు. తమను అక్కడికెందుకు తోలుకొచ్చాడో తెలియక గొర్రెలు ఆయన చుట్టూ ఊరికే నిలబడ్డాయి.

కేసు పెట్టేటప్పుడు ఎదుటి పార్టీలో చేయి కాలు ఆడే ప్రతి మగవాడి పేరూ రాయించడం ఆనవాయితీ. మామ పేరూ చెప్పమన్నారు. చంటివాణ్ణి ఒళ్లో పెట్టుకున్న అక్క కాగితం పక్కకు తోసింది. "మా మామ పేరు రాస్తే నేను ఏలుముద్ర ఎయ్యను. మీ ఇష్టం," అంది. పెద్దలు బెదిరించారు, బతిమాలారు, చివరకు ఆ పేరు వదిలేశారు. దానికి ఆ వీధి ఆమెతో చాలాకాలం మాట్లాడలేదు.

మామ చెప్పిన మాట నా దగ్గరే ఉండిపోయింది. ఊరు కాస్త చల్లబడ్డాక, రెండు మూడేళ్లకు కాబోలు, అక్కకు చెప్పాను. ఆమె బియ్యంలో రాళ్లేరుతూ విని, "ఆయనకు తెలుసులేరా," అంది. "మామ లోపల్లోపల కొత్తోని పక్షమే, నోటితో అనడు, అంతే అని నగుతాండె." అని చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. ఆ పూట అన్నం ఆలస్యమైంది.

ఇప్పుడు మా పల్లెలో పార్టీలున్నాయి గానీ వాటికి వీధులు లేవు. పొద్దున ఒక జెండా పట్టుకున్నవాడు సాయంత్రం ఇంకొకటి పట్టుకుంటున్నాడు. ఎవరూ ఎవర్నీ అరుగు మీదికి పిలిపించడం లేదు. మామ మంద అమ్మేశాడు, అక్క ఇంటికే వచ్చి మధ్యాహ్నాలు కూర్చుంటాడు. మేనల్లుడు తన ఫోనులో ఆయనకు పాత భాగాలు, కొత్త భాగాలు అన్నీ చూపిస్తాడు. నేను వెళ్లినప్పుడల్లా మళ్లీ అదే వాదన. తేడా ఒకటే. ఇప్పుడు మామ కొత్త కెప్టెన్ పక్షం. మరబొమ్మను పంపడం ఎందుకు మంచిదో, జనాన్ని ఎందుకు అడగాలో, బావ అన్న మాటలే బావ అన్న వరసలోనే చెబుతాడు. ఎదురు నిలబడేవాళ్లు లేక పాత కెప్టెన్ తరఫున నేను మాట్లాడవలసి వస్తుంది. మూడు మాటలకే ఓడిపోతాను.

ఆయనకు కోపం వస్తుంది. "నా తరపున ఇంత సప్పగా మాట్లాడతాండావే? నేను ఇట్లనే మాట్లాడేవాన్నా? గట్టిగా అడగరా, మీవోనికి మాత్రం నీళ్లు దొరికినాయా అని అడుగు."

గట్టిగా అడుగుతాను. అక్క లోపల్నుంచి టీ తెస్తుంది. ఎవరు ముందు లేవాలన్న లెక్క లేదు, ఎవరైనా చూస్తారన్న భయం లేదు, పొద్దుగూకేదాకా అట్లాగే కూర్చుంటాం. ఇంత తీరిక మాకు కావలసిన రోజుల్లో ఎవరూ ఇవ్వలేదు.