గంధం పూసిన గాజుమూత

మొన్న పేపర్లో ఒక ఫోటో చూసి ఒళ్ళు మండింది. భూమి చుట్టూ తిరిగే ప్రయోగశాలలో ఒకామె గాజుపెట్టె ముందు ఉంది. పెట్టెకు రెండు బొక్కలు, వాటికి లోపలివైపు చేతితొడుగులు. బరువు లేని చోట నీటిబొట్లు, నిప్పురవ్వలు ఎటు పడితే అటు పోకుండా పెట్టెలో ఉంచి, చేతులు దూర్చి ప్రయోగాలు చేస్తారట. మనిషి చెయ్యి లోపలికి పోవడానికి ఎంత ఆలోచించారో. మా బడిలోనూ ఒక గాజుతలుపుల బీరువా ఉండేది. అందులోకి ఎవరి చెయ్యీ పోకుండా చూడడమే మావాళ్ళ ఆలోచన.

ఓర్వకల్లు రాళ్ళగుట్టలు దూరంగా కనబడే ఊరు మాది. కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో మా హైస్కూలుకు సైన్సు సామాను వచ్చింది. రాజధాని హైదరాబాదుకు పోయింది, సామాను బీరువాలో మిగిలింది. మాకు సైన్సు చెప్పే హెడ్మాస్టరు తాళంచెవి మొలలో దోపుకుని తిరిగేవాడు. గాలి బయటికి లాగే పంపు అంటే మాకు ఆయన బోర్డు మీద సుద్దముక్కతో గీసిన బొమ్మే. ఆయుధపూజ నాడు మాత్రం బీరువా తెరిచి, సామానంతటికీ గంధం పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి మళ్ళీ తాళం వేసేవాడు. మా నాయన కూడా ఆ రోజు నాగలికీ కొడవలికీ బొట్లు పెట్టేవాడు. కానీ మరునాడు పొద్దున్నే వాటిని చేనికి తీసుకుపోయేవాడు. బడిలోవి మళ్ళీ దసరా దాకా కదిలేవి కావు. పనికి పోని పనిముట్టుకు పూజ దేనికని అడిగినవాడు లేడు.

నేను బడిలో ఆఖరి తరగతి చదివే ఏడు, దసరా వెళ్ళగానే రష్యావాళ్ళు ఆకాశంలోకి చిన్న చంద్రుణ్ణి వదిలారని పంచాయతీ రేడియోలో చెప్పారు. ఊరంతా అదే మాట. పైన గాలి ఉండదనీ, గాలి లేని చోట చప్పుడు వినబడదనీ హెడ్మాస్టరు కనబడిన వాళ్ళందరికీ చెప్పాడు. బడికి రండి, చూపిస్తానన్నాడు. ఆ పాఠం తడుముకోకుండా అప్పజెప్పేదాన్ని కాబట్టి ప్రయోగానికి నన్ను నిలబెట్టాడు.

అప్పటికి మా ఇంట్లో నా కాలేజీ చదువు గురించి గుంజాటన జరుగుతోంది. నాయన ఒక మాట తేల్చేశాడు.

"సైన్సంటే చేత్తో చేసే పనంట కదా పాపా. ఆ పొద్దు నువ్వు చేసి చూపియ్యి, కర్నూలు కాలేజీలో చేరుస్తా. చేతగాకుంటే టీచరు ట్రైనింగే."

ప్రయోగం సులువైనదే. ఇత్తడి పళ్ళెం మీద బ్యాటరీతో మోగే గంట పెట్టి, పైన పెద్ద గాజుమూత బోర్లించి, పంపుతో లోపలి గాలి లాగెయ్యాలి. గాలి తగ్గేకొద్దీ మోత సన్నబడుతుంది. చివరికి గంట కొట్టుకోవడం కనబడుతుంది కానీ వినబడదు. అయితే మూత అంచు పళ్ళేనికి గట్టిగా అతుక్కోవాలి. ఆ రోజు బీరువా తెరిచి చూస్తే అంచు చుట్టూ పూజ గంధం ఎండి పెచ్చులు కట్టి ఉంది. పైట కొంగు తడిపి తుడవబోయాను.

"పూజ చేసిన గంధం తుడుస్తావా? అట్లే కానీ," అన్నాడు హెడ్మాస్టరు.

"అంచు అతుక్కోదు సార్. గాలి దూరుతుంది."

"నాకే చెప్తాండావా? కానీ అంటే కానీ."

ఆ గంధం మీదనే వ్యాసలైను పూసి మూత బోర్లించాను. భుజాలు పడిపోయేదాకా పంపు కొట్టాను. గంట గణగణ మోగుతూనే ఉంది. ముందు వరసలో పెద్దలు చప్పట్లు కొట్టారు. మోగడమే ప్రయోగమనుకున్నారు పాపం. శానా బాగా మోగిందప్పా అని మెచ్చుకున్నారు. చప్పుడు వినబడదని ఊరంతా చాటిన ఆ పెద్దమనిషి సిగ్గు లేకుండా నవ్వుతూ అందరికీ దండాలు పెట్టాడు.

"మోగకూడదు. ప్రయోగం తప్పింది. గంధం తుడిచి మళ్ళీ చేస్తాను, చూడండి," అన్నాను అందరూ వినేలా.

హెడ్మాస్టరు మొహం మాడిపోయింది. "చేతగాక దేవుని గంధం మీద నెపం పెడతాండాది," అని పంపు లాక్కుని బీరువాలో పడేసి తాళం వేశాడు.

ఇంటికి పోతూ దారిలో నాయన అడిగాడు. "అది మోగకూడదా?"

"మోగకూడదు నాయనా."

"అయితే నీకు చేతగాలేదనే కదా."

"తుడవనియ్యలేదు నాయనా. తుడిచింటే మోత ఆగుండేది."

"అంత చదివిన ఆయప్పకు తెలీదా? పోనీలే పాపా, మనకు సైన్సు వద్దు."

బాగా మోగిందని అందరితోపాటు నేనూ తలూపి ఉంటే కాలేజీలో చేరి ఉండేదాన్ని. నిజం చెప్పినందుకు నా చదువు పోయింది. నాయన మీద కోపం ఎప్పుడో చల్లారింది. ఆ హెడ్మాస్టరు మీద కోపం మాత్రం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా.

ట్రైనింగు అయి, కడప జిల్లాలో చిన్నపిల్లలకు ఎక్కాలు చెబుతూ పదవీ విరమణ దాకా సుద్దముక్కలు పట్టుకున్నాను. మొన్న ఆ ఫోటో పక్కన నా చేతులు పెట్టి చూసుకున్నాను. ఆ తొడుగులు నాకూ సరిపోతాయి.