కాటుక చెరిగిన చోటు

తెనాలిలో మా కారు మేస్త్రి గారు పోయారు. మంగళవారం పొద్దున నేను బాపట్లలో ఇంట్లో పాలు కాచుకుంటుంటే, రేపల్లెలో ఉండే ఆయన కూతురు ఫోన్ చేసింది. "మాస్టారండీ, నాన్న నిద్రలోనే పోయారండి" అంది. ఆ వెంటనే, "మీ కారు షెడ్డులోనే ఉందండి, ఇంజిను విప్పేసి ఉందట" అంది. నేను కారు గురించే ఏదో మాట్లాడాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

నేను బళ్ళో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక్కణ్ణే ఉంటాను. మా నాన్న వాడిన పాత పెట్రోలు కారు మిగిలింది. దాన్ని అడ్డం పెట్టుకుని పదకొండేళ్ళుగా ఆదివారం ఆదివారం తెనాలి వెళ్ళేవాణ్ణి. కారు బాగుంటే కారులో, బాగాలేకపోతే రైల్లో.

ఆ ఇంజినులో పెన్సిలంత లావు ఇనప కడ్డీలు ఎనిమిది ఉంటాయి. పుష్ రాడ్‌లంటారు. కింద క్యామ్ అనే గుబ్బ తిరిగితే ఆ కడ్డీ పైకి తన్నుతుంది, పైనున్న రాకర్ అనే చిన్న మీట ఒరిగి వాల్వును నొక్కుతుంది. కడ్డీ కాస్త పొడుగైనా పొట్టయినా రాకర్ వాల్వును పక్కకి తోస్తూ అరగదీస్తుంది. పరిచయమైన మొదటి ఏడాది ఇంజిను పైభాగం, హెడ్డు, అరగదీయించాల్సి వచ్చింది. ఎంత అరిగిందో అంత కడ్డీల్లో తగ్గిస్తే సరిపోతుందని వెర్నియర్‌తో కొలిచి, కాగితం మీద లెక్కవేసి, ఎనిమిదీ కోయించి తెచ్చాను. మేస్త్రి గారు నన్నొక్క మాట అనలేదు. వాటిని బిగించి, వాల్వు కొసల మీద వేలితో కాటుక రాసి, నా చేతికి స్టార్టింగ్ హ్యాండిల్ ఇచ్చి తిప్పమన్నారు.

రాకర్ తగిలిన చోట కాటుక చెరుగుతుంది. విప్పి చూస్తే ఓ అంచున చెరిగింది. నడిమధ్యన సన్నగా చెరగాలట. వాల్వులు ఆనే సీట్లు కూడా కోశారు కాబట్టి వాల్వులు పైకి జరిగాయన్న సంగతి నా లెక్కలో లేదు.

"మీ లెక్క తప్పలేదు మాస్టారూ. ఇంజినుకే లెక్కలు రావు" అన్నారు, నవ్వకుండా.

ఆయన కొలతబద్ద తన చేత్తో చేసుకున్నదే. పాత కడ్డీ ఒకటి రెండు ముక్కలుగా కోసి, మధ్యలో మర వేసి, పొడుగూ పొట్టీ అయ్యేలా చేశారు. అరచుట్టు మర తిప్పడం, కాటుక రాయడం, మళ్ళీ చూడడం. ఎనిమిదింటికీ విడివిడిగా చూసేవారు. ఫ్యాన్సీ షాపులో అమ్మాయి "కాటుక ఎవరికి బాబాయ్?" అంటే "మా ఇంజినుకమ్మా" అనేవారు. ఈ పనికి ఇద్దరుండాలి. కారు ముందు నిలబడి ఒకరు హ్యాండిల్ తిప్పాలి, రాకర్ సగం దిగగానే రెండోవారు ఆపించాలి. పక్క షెడ్డులో బైకులు బాగుచేసే అతన్ని పిలవచ్చుగా అన్నానోసారి.

"తిప్పుతాడండి, ఆగడు. మీరైతే ఆపమంటే ఆగుతారు."

నా జీవితంలో నాకు దొరికిన మెప్పుల్లో అదొకటి.

పనైపోయాక పెనుమూడి వంతెన దాకా నడిపి చూసేవాళ్ళం. అద్దాలు దించి, చెవి బయటపెట్టి వినేవారు. తిరిగొస్తూ రేపల్లెలో కూతురింటి ముందు నుంచే వచ్చేవాళ్ళం. ఆపనిచ్చేవారు కాదు. "ఊరికే వెళ్తే 'ఏంటి నాన్నా' అంటుందండి. మనిషి దగ్గరికి ఊరికే వెళ్ళడం నాకు చేతకాదు" అనేవారు. నాకూ చేతకాదు. అందుకే మేమిద్దరం అన్నేళ్ళు ఆ కారును బాగుచేస్తూ ఉండిపోయాం. స్నేహితులమని ఒకరికొకరం చెప్పుకోలేదు.

ఈ వేసవిలో హెడ్డు మళ్ళీ విప్పారు. "ఆదివారం రండి, కడ్డీలు చూసేద్దాం" అని ఫోన్ చేశారు. ఎండగా ఉంది, వచ్చే వారం చూద్దామన్నాను. ఆ వచ్చే వారమూ అదే అన్నాను. మూడోసారి, "మీ ఇష్టం మాస్టారూ. నేను చూసుకుంటాను లెండి" అన్నారు. ఆ గొంతులో తేడా నాకు తెలిసింది. తెలిసీ వెళ్ళలేదు. బద్ధకం, అంతే. ఎండను ఊరికే ఆడిపోసుకున్నాను.

కర్మకాండలయ్యాక కూతురు షెడ్డు తాళం తీసింది. కారు బానెట్ ఎత్తి ఉంది. దానికి లోపలివైపు గడ్డం గీసుకునే అద్దం ఒకటి తీగతో కట్టి, ఇంజిను మీదికి వంచి ఉంది.

"ఇదేంటి మాస్టారూ, ఇక్కడ అద్దం కట్టారు?" అంది.

నాకు వెంటనే అర్థమైంది. హ్యాండిల్ దగ్గర నిలబడితే రాకర్ కనబడదు. తిప్పే మనిషి రాలేదని, తనే తిప్పుకుంటూ, అద్దంలో తనే చూసుకుంటూ, తనకు తనే ఆపమని చెప్పుకున్నారు. ఏడు వాల్వులకు కాటుక నడిమధ్యన చెరిగి ఉంది. ఎనిమిదోదాని మీద రాసిన కాటుక రాసినట్టే ఉంది.

వెళ్ళి హ్యాండిల్ పట్టుకున్నాను. అద్దంలో షెడ్డు రేకులు తప్ప ఏమీ కనబడలేదు. ఆయన నాకన్నా జానెడు పొట్టి, అద్దం తన కళ్ళ ఎత్తుకు కట్టుకున్నారు. మోకాళ్ళు వంచి, మెల్లిగా ఆయనంత ఎత్తుకు దిగాను. అప్పుడు కనిపించింది రాకర్.